ఎర్రసిరా టీములు



మన వాట్సాప్ టీములు నెల తిరక్కముందే ఎందుకు మూగబోతాయి? "మనోళ్లకు కమిట్‌మెంట్ లేదు" అనేది సులువైన జవాబు. నేనూ చాన్నాళ్లు అదే అన్నాను.

కాజీపల్లి, చుట్టుపక్కల ఊళ్ల విద్యార్థులు ఆరుగురితో ఒక గ్రూపు పెట్టాం. రాత్రి ఏ గంటకు కంపు వచ్చింది, వాగు నీళ్లు ఏ రంగున్నాయి అని రాసి పంపడం వాళ్ల పని. హైదరాబాద్‌లో కూర్చుని చదవడం నా పని.

ఒకమ్మాయి రాత్రి రెండింటికి పంపింది: "సార్, గొంతుల మంట లేస్తున్నది. అమ్మ కిటికీలకు తడిబట్ట కట్టింది." పొద్దున నా జవాబు: "'గొంతులో' అని రాయాలి. క్లుప్తంగా ఉండాలి." అందరూ చూస్తుండగా. తెలుగులో పీహెచ్‌డీ చేసినోడి పొగరు అది. బడిలో నా భాషను చూసి నవ్వినప్పుడు నేనెంత ముడుచుకుపోయానో మర్చిపోయాను. ఆమె మళ్లీ రాయలేదు. వారంలో మిగతావాళ్లూ ఆగిపోయారు.

1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో చాలావాటిని కలిపి లెక్కగట్టారు. సగటున పని మెరుగైంది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో దిగజారింది. చూపు పని మీంచి మనిషి మీదికి మళ్లితే ఫీడ్‌బ్యాక్ బలం తగ్గుతుందని వాళ్ల వాదన. "మీకు భాష రాదు" అని తాతల కాలం నుంచి వింటున్నవాళ్లకు ఆ చూపు మళ్లడానికి ఒక్క అక్షరం చాలు. ఎదురెదురుగా ఉంటే ఒక నవ్వో, ఒక చాయో ఆ దెబ్బను కొంత మాన్పుతుంది. ఫోన్‌లో ఎర్రసిరా ఒక్కటే చేరుతుంది.

ఇంకో సంగతి. కాజీపల్లి చెరువు మట్టిలో యాంటీబయాటిక్స్‌కు లొంగని జన్యువులు భారీగా ఉన్నాయని, స్వీడన్‌లోని ఒక చెరువుతో పోల్చి, 2014లో పరిశోధన పత్రం అచ్చయింది. మా ఆరుగురిలో ఒక్కరికీ తెలీదు. చెరువు వాళ్లది, ఫలితం మాత్రం వాళ్ల గడప దాకా రాలేదు. నేను చేసిందీ అదే: వాళ్లు పంపింది తీసుకున్నాను, అది ఏమైందో చెప్పలేదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆమె తడిబట్ట వాక్యం ఉన్నదున్నట్టు వినతిపత్రంలోకి ఎక్కింది. ముసాయిదా ముందు గ్రూపులోనే పెట్టాను. అప్పుడు ఒక పిల్లాడు నన్ను దిద్దిండు: "సార్, 'దుర్వాసన' అని రాసిండ్రు. అట్లంటే మోరీ కంపు అనుకుంటరు. ఇది మందు వాసన."

మార్చాను.