వార్డెన్ సంతకం అమ్మ మాట కాదు



ఒక్కటి అడుగుతాను. హాస్టల్లో చదువుకునే రోజుల్లో మిమ్మల్ని లైన్లో నిలబెట్టి రక్తం తీశారా? మాకు తీశారు. "ఎందుకు సార్?" అని అడిగిన మా క్లాసు అమ్మాయికి "నోర్మూసుకొని చెయ్యి చాపు" అన్నదే జవాబు. ఆ పరీక్షలో ఏం తేలిందో మాకు ఈ రోజుకీ తెలీదు. అప్పుడు అది అవమానంగా కూడా అనిపించలేదు, అంత అలవాటైపోయింది. ఆ అలవాటు గురించే ఈ నాలుగు మాటలు.

2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, సుమారు 14 వేల మందికి, హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం వెంట ఉన్నాయి. టీకా వేయించుకున్న వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్న మన పిల్లలే.

గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే ప్రాజెక్టు నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. ఆ మాటను మనం దాచొద్దు. కానీ కాగితాల్లో బయటపడ్డ సంగతి కూడా చూడండి. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు వార్డెన్లవి, హెడ్మాస్టర్లవి! "ఇది ప్రయోగం కాదు, డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు" అన్నారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ వాదనను తోసిపుచ్చి గట్టిగా తప్పుపట్టింది.

"టీకా మంచిదే కదా, అడిగితే ఏంటి, అడక్కపోతే ఏంటి?" అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. టీకా మంచిదే. మన చెల్లెళ్లకు అది అందాలి కూడా. కానీ ఊళ్లో పశువులకు గాలికుంటు టీకా వేసేటప్పుడు ఏం చేస్తారు? ఆవును అడగరు, ఆవు యజమానిని అడుగుతారు. మరి మన పిల్లకు వార్డెన్ యజమానా? గూడెంలో బతికే ఉన్న అమ్మను వదిలేసి వార్డెన్‌తో సంతకం పెట్టించారంటే, ఆ పిల్లను మనిషిగా లెక్కేయలేదనే కదా. మానవ గౌరవం అంటే పెద్ద పుస్తకాల మాటేం కాదు. నా ఒంటి మీద చెయ్యి వేసే ముందు నాకర్థమయ్యే భాషలో చెప్పు, నేను వద్దంటే ఆగు. అంతే.

ఇవి కొత్త కోరికలు కావు. నాజీ డాక్టర్ల ఘోరాల తర్వాత 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళిలో మొదటి షరతే స్వచ్ఛంద అంగీకారం. మనిషి మేలు సైన్సు ప్రయోజనం కంటే ముందు అని 2005లో యునెస్కో ప్రకటించింది. పరిశోధనలో పిల్లలను చేర్చుకోవాలంటే అమ్మానాన్నల అంగీకారంతో పాటు, 7 ఏళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా తీసుకోవాలని 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెప్తున్నాయి. రూల్సు ఉన్నాయి. అడిగేవాళ్లే లేరు.

అడిగితే ఏమవుతుందో అమెరికాలో హవాసుపాయి ఆదివాసులు చూపించారు. షుగర్ జబ్బు పరిశోధన కోసమని 1990 నుంచి వాళ్ల రక్తం తీసుకున్నారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అదే రక్తాన్ని మానసిక జబ్బుల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారనే దాని మీద అధ్యయనాలకు వాడారు. తెగ కోర్టుకెక్కింది. ఇక్కడ టీకా ఆగిన అదే 2010 ఏప్రిల్‌లో అక్కడ యూనివర్సిటీ దిగొచ్చింది. పరిహారంతో పాటు మిగిలిన రక్తం నమూనాలను కూడా వాళ్లకు తిరిగిచ్చింది.

ఇప్పుడు మన గూడేలకు సికిల్ సెల్ పరీక్షలు వస్తున్నాయి. 2023లో మొదలైన జాతీయ మిషన్ లక్ష్యం 7 కోట్ల మంది. ఈ జబ్బు మన ఇళ్లలో ఉంది కాబట్టి పరీక్ష తప్పకుండా చేయించుకోండి. చేయించుకుంటూనే అడగండి: ఈ రక్తం దేనికి? రిపోర్టు మాకెప్పుడు ఇస్తారు? మిగిలిన రక్తం ఏం చేస్తారు? మా పేర్లు ఎవరెవరు చూస్తారు? జబ్బు ఉందని తేలితే మందు ఎక్కడ దొరుకుతుంది? ఆ రిపోర్టు పెళ్లి సంబంధాల దగ్గర మన ఆడపిల్లల మెడకు చుట్టుకోకుండా చూసే బాధ్యత కూడా మనదే.

తెలుగు రాని అవ్వ పక్కన మీరు కూర్చోండి. కాగితంలో ఏముందో కోయలోనో, గోండిలోనో, కువిలోనో చదివి చెప్పండి. తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి మన తాతలు భూములు పోగొట్టుకున్నారు. డిగ్రీ చదివిన మనం పక్కనుండి కూడా మన పిల్లల ఒంటి మీద హక్కును అట్లాగే పోనిస్తామా?

వచ్చే గ్రామసభలో ఈ ప్రశ్నలు పెట్టండి.

జై ఆదివాసీ!