ద్రవాభిసరణ ప్రయోగం – మన రికార్డు పుస్తకాలు

వృక్షశాస్త్ర ప్రయోగశాలలో జరిగే ప్రయోగాలన్నింటిలో ద్రవాభిసరణ ప్రయోగం కంటె చౌకయైనది మరొకటి లేదు. ఒక ఆలుగడ్డ, గుప్పెడు పంచదార, ఒక గుండుసూది, ఒక బీకరు, కొంత నీరు ఉంటే చాలు. పరీక్షలో మాత్రం దానిని బంగాళాదుంప అని వ్రాయాలి. ఉర్దూ మాధ్యమపు మిత్రులకు ఈ చిక్కు లేదు. వారికి ఇంటిలోను, పుస్తకంలోను అది ఆలూయే. ఇంతటి సులభమైన ప్రయోగమే ప్రతి సంవత్సరమూ మన విద్యార్థులచేత అన్నిటికంటె ఎక్కువ అబద్ధం వ్రాయిస్తున్నదని నేనంటే కళాశాల కమిటీ పెద్దలకు ఆశ్చర్యం కలుగవచ్చు. ఎవరినో నిందించడానికి కాదు, ఆ అబద్ధంలో నాకూ భాగమున్నది గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ప్రయోగ విధానం అందరికీ తెలిసినదే. దుంప చెక్కు తీసి, అడుగును చదునుగా కోసి, నడుమ గుంట తొలిచి, అందులో పంచదార ద్రావణం పోసి, దాని మట్టాన్ని గుండుసూదితో గుర్తించి, దుంపను నీరున్న బీకరులో నిలపాలి. కొంతసేపటికి లోపలి ద్రావణం సూదిని దాటి పైకి వస్తుంది. దుంపలోని సజీవ కణాల త్వచాలు నీటిని రానిస్తాయి, పంచదారను అంత సులభంగా పోనీయవు. కనుక పలుచని వైపునుండి గాఢమైన వైపునకు నీరు చేరుతుంది. ఉడికించిన దుంపలో ఆ త్వచాలు నశించి ఉంటాయి గనుక మట్టం అట్లా పెరగదు. ఈ రెండు దుంపలనూ విద్యార్థి ప్రక్కప్రక్కన ఉంచి చూడాలి. కాని మన ప్రయోగశాలలో జరుగుతున్నదేమిటి? నలభై మందికి ఒకే దుంపను అమర్చి చూపుతాము. మట్టం సూదిని దాటకముందే గంట మ్రోగుతుంది. అందరూ నిరుటి విద్యార్థుల రికార్డు తెచ్చుకొని 'ద్రావణ మట్టం పెరిగినది' అని వ్రాసుకొంటారు. మేము సంతకం పెడతాము.

చాలా సంవత్సరాల క్రితం వేరొక ఊరి కళాశాలకు ప్రయోగ పరీక్షకుడుగా వెళ్లినాను. ఒక విద్యార్థిని తన ఫలితంలో 'ద్రావణ మట్టం తగ్గినది' అని వ్రాసింది. గుంటలో పోసినది 10 శాతం పంచదార ద్రావణం. "దుంపకు చిల్లి పడి ఉంటుందమ్మా" అన్నాను. "లేదు సార్. అనుమానం వచ్చి రెండవ దుంపతో కూడా చేశాను. అందులోనూ తగ్గింది" అన్నది. నేను చిరునవ్వు నవ్వి సగం మార్కులు వేసినాను. సాయంకాలం సామాను సర్దుతూ అటెండరు చెప్పినాడు: ఆ బల్లమీది వారు బీకర్లలో పోసుకొన్నది నీరు కాదట, ఉదయం బ్యాచీకోసం కలిపి మిగిలిన 5 శాతం ఉప్పునీరట, ఆ సీసాకు చీటీ లేదు. ఆ బల్లమీద మరి ముగ్గురు విద్యార్థులున్నారు. వారు కూడా అదే ఉప్పునీటితో ప్రయోగం చేసి, మట్టం పెరిగినదని వ్రాసినారు. వారికి పూర్తి మార్కులు వచ్చినవి. అప్పటికి మార్కుల జాబితాకు సీలు వేసి ఉన్నది. దానిని విప్పించమని అడుగవచ్చు. నేను అడుగలేదు.

10 శాతం పంచదార కంటె 5 శాతం ఉప్పు ఎట్లా బలమైనదని కొందరు విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. ఇక్కడ లెక్కకు వచ్చేది కరిగిన పదార్థపు బరువు కాదు, రేణువుల సంఖ్య. పంచదార అణుభారం 342, ఉప్పుది 58.5. పైగా ఉప్పు నీటిలో కరిగి సోడియం, క్లోరైడు అయాన్లుగా రెండై విడిపోతుంది. గ్రాముకు గ్రాము చూస్తే ఉప్పులో రేణువులు పంచదారలో కంటె 11 రెట్లకు పైగా ఉంటాయి. ఆనాటి బీకరులోని ఉప్పునీటిలో రేణువుల గాఢత దుంప గుంటలోని ద్రావణం కంటె దాదాపు ఆరు రెట్లు! నీరు బయటికి పోక ఏమవుతుంది? ద్రావణాల ద్రవాభిసరణ పీడనాన్ని గురించిన ఈ నియమాలను వెలికితీసినందుకే వాంట్ హాఫ్‌కు 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి లభించినది. ఆ విషయమంతా ఆ బాలిక బల్లమీద కళ్లెదుటనే ఉన్నది. చూడవలసిన పరీక్షకుడే చూడలేదు. అసలు ఈ శాస్త్రం పుట్టుకయే ఎదురుచూడని ఫలితంతో జరిగినది. 1748లో ఫ్రాన్సు దేశపు నోలే సారాయి నింపిన పాత్ర మూతికి జంతువు మూత్రాశయపు పొరను బిగించి నీటిలో ముంచి ఉంచగా, కొన్ని గంటలకు ఆ పొర పైకి ఉబ్బి కనిపించినది. ఆయన కోరినది అది కాదు. అయినా చూచినది చూచినట్లు వ్రాసిపెట్టినాడు.

నా అభిప్రాయంలో గుంట తొలిచిన దుంప కంటె ముక్కల తూకం మేలైన ప్రయోగం. ఒకే పరిమాణం గల ముక్కలు కోసి, తూచి, 0.1 నుండి 0.6 మోలార్ వరకు గల పంచదార ద్రావణాలలో గంటసేపు ఉంచి, తడి అద్ది మళ్లీ తూచాలి. పలుచని ద్రావణంలోని ముక్క బరువెక్కుతుంది, గాఢమైన దానిలోనిది తగ్గుతుంది. గ్రాఫు గీస్తే బరువు మారని స్థానం తెలుస్తుంది. సాధారణంగా అది 0.2కు, 0.4కు మధ్య ఎక్కడో పడుతుంది. దుంప దుంపకూ ఆ అంకె మారుతుంది గనుక ఒకరిది చూచి ఒకరు వ్రాయడానికి వీలు లేదు. రియో ఆకు బాహ్యచర్మాన్ని ఉప్పునీటిలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూడడం కూడా ప్రతి విద్యార్థీ స్వయంగా చేయదగినదే. ఊదారంగు ద్రవ్యం కణకవచాన్ని విడిచి ముడుచుకొనిపోవడం, మంచినీరు తగలగానే మరల విచ్చుకోవడం ఒకసారి చూచినవాడు మరచిపోడు. కిస్‌మిస్ నానబెట్టే ప్రయోగం మాత్రం నాకంతగా నచ్చదు. ఎండిన కణాలు నీటిని పీల్చుకోవడంలో నిపానం పాలు ఎంతో, ద్రవాభిసరణం పాలు ఎంతో విద్యార్థి విడదీసి చెప్పలేడు. కిస్‌మిస్ షీర్ ఖుర్మాలో ఉంటేనే బాగుంటుంది.

ఇదంతా మార్కుల గొడవయే అనుకోరాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగి, నరాలకు ఎక్కించే సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి వేలమందిని కాపాడినారు. ప్రేగు కణాలు గ్లూకోజుతో పాటు సోడియంను లోపలికి తీసుకొంటాయి, వాటి వెంట నీరు పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నిర్ణయించిన ప్రకారం ఓ.ఆర్.ఎస్. ద్రావణపు గాఢత లీటరుకు 245 మిల్లీ ఆస్మోల్‌లు. రక్తం కంటె కొంచెం తక్కువ. లీటరు నీటికని ఇచ్చిన 20.5 గ్రాముల పొట్లాన్ని అర లీటరులో కలిపితే అది 490 అవుతుంది. అప్పుడు బిడ్డ శరీరంలోని నీరే ప్రేగులోనికి లాగబడుతుంది. 'చిక్కగా ఉంటే బలం' అని గ్లాసెడు నీటిలో పొట్లమంతా కలిపే తల్లికి సరిగా చెప్పవలసినది ఆ ఇంటిలో చదువుకొంటున్న మన విద్యార్థే. గాఢ ద్రావణంలో తన ముక్క బరువు తగ్గడం తాను తూచి చూచి ఉంటే గట్టిగా చెప్పగలడు. నిరుటి రికార్డు చూచి వ్రాసినవాడు ఏమి చెబుతాడు?

పరీక్షకులు పుస్తకంలోని ఫలితమే కోరుతారు గదా, విద్యార్థి నష్టపోడా అని కొందరు సహోపాధ్యాయులు అంటారు. ఆ భయం నిరాధారం కాదని పై ఉదంతమే సాక్ష్యం. అందుచేతనే కమిటీ వారికి నా విన్నపం. అంతర్గత పరీక్షలలోనైనా, పుస్తకంతో కుదరని ఫలితాన్ని కారణం ఊహించి వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించరాదని తీర్మానం చేయండి. ఈ ప్రయోగానికి రెండు పీరియడ్లు కలిపి ఇప్పించండి. నలుగురికి ఒకటి చొప్పున చిన్న ఎలక్ట్రానిక్ త్రాసులు కొనిపెట్టండి. సీసాలకు తెలుగులోను, ఉర్దూలోను చీటీలు అంటించే పని ఈ వారంలోనే మొదలుపెడతాము. ఆలుగడ్డలు, పంచదార మేమే తెచ్చుకొంటాము.