అడిగారు... చెబుతున్నాం

ప్రశ్న: ఆఫీసులో కొత్తగా చేరినవారికి కంప్యూటరుమీద లెక్కలు రాయడం నేర్పే వీడియోలు నేను తయారుచేయాలి. తెరమీద జరిగేదంతా రికార్డు చేయడానికి, ఖర్చులేని సాఫ్ట్‌వేర్ ఏది మంచిది? — ఒక సోదరి

జవాబు: ఓబీఎస్ స్టూడియో తెచ్చుకోండి. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. పైసా ఖర్చులేదు, నిమిషాల లెక్కలేదు, వీడియోమీద తన ముద్ర వేయదు. అయితే కత్తిరింపులు, అతుకులు దానిలో కుదరవు. అవికూడా ఒకేచోట కావాలంటే కామ్‌టేసియా ఉంది. దానికి డబ్బు చెల్లించాలి.

ఒక్క జాగ్రత్త. మామూలు ఎంపీ4గా తీస్తుండగా కరెంటు పోతే గంటసేపు చెప్పిన పాఠం దక్కకపోవచ్చు. ఎంకేవీగా తీయండి, అంతవరకు చెప్పింది నిలుస్తుంది. తరువాత ఓబీఎస్‌లోనే ఎంపీ4గా మార్చుకోవచ్చును.

ముందుగా ఒక్క నిమిషం తీసి, విని చూసుకోండి. గొంతు వినిపించని పాఠం దండగే కదా! అసలు ఖాతాదార్ల పేర్లు, అంకెలు మాత్రం తెరమీద కనిపించనీయకండి.