పొడుపు ఒకరిది, విడుపు ఎవరిది?

పొడుపుకథకు జవాబు తెలిసినవాడు దానిని తెలియనివానికి చెప్పివేయవచ్చునా, కూడదా అన్న ప్రశ్న పైకి పిల్లల తగవులా తోస్తుంది. కాని గడచిన పాతికేళ్ళుగా పలు దేశాలలో పెద్దవారు సైతం ఈ ప్రశ్నను పట్టుకొని మిక్కిలి పట్టుదలతో వాదించుకుంటున్నారు. అందుకు కారణం జియోకాషింగ్ అనే ఒక ఆట. మన ప్రాంతంలో దాని పేరు విన్నవారు తక్కువ గనుక ముందుగా దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది.

మనిషి నిలుచున్న చోటును తెలియజేసే ఉపగ్రహాల సంకేతాలను అమెరికా ప్రభుత్వం చాలాకాలం సామాన్య పౌరులకు కావాలనే మసకబరచి ఇచ్చేది. చేతిలోని యంత్రం వంద మీటర్ల వరకు తప్పు చూపేది. 2000 మే 2న ఆ మసకను తొలగించారు. మరునాడే ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపాన డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్టును చెట్ల మధ్య దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించాడు. వెతికి పట్టుకున్నవారు అందులోని పుస్తకంలో పేరు వ్రాసి, ఒక వస్తువు తీసుకుని మరొక వస్తువు ఉంచి రావాలి. ఆట అంతే. పోనుపోను దానికొక కొత్త కొమ్మ పుట్టింది. దాచినవాడు అంకెలు నేరుగా ఇవ్వడు. ఒక చిక్కుముడి ఇస్తాడు. దానిని విప్పితేనే అసలు చోటు తెలుస్తుంది. పటంలో చూపిన చుక్క వట్టి ఆనవాలు మాత్రమే. డబ్బా అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల లోపల మరెక్కడో ఉంటుంది.

తగవు ఇక్కడే మొదలైంది. ఒకడు నెలరోజులు తల బద్దలు కొట్టుకొని ముడి విప్పుతాడు. వచ్చిన అంకెలను మిత్రునికి చెబుతాడు. ఆ మిత్రుడు తన మిత్రునికి. అందరూ వరుసగా వెళ్ళి పుస్తకంలో సంతకాలు చేస్తారు. పుస్తకం తిరగవేసి చూసేవానికి అందరూ విప్పినవారే! దాచినవాడు నొచ్చుకుంటాడు. విప్పినవాడు మాత్రం, ‘నా కష్టంతో దొరికినది నా సొత్తు, ఎవరికిచ్చుకుంటే నీకేమి?’ అంటాడు.

ఆట వారిదైనా తగవు మాత్రం మనకు పాతదే. కొబ్బరితోటల నడుమ పెరిగిన మన కోనసీమ పిల్లలకు, మూడు కన్నులుండీ ముక్కంటి కానిది ఏదో ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఆ పొడుపును మొదటిసారి విన్న పిల్లవాని ముఖాన్ని ఎవరైనా గమనించారా? వాడు చెట్టువంక చూస్తాడు, గుడివంక చూస్తాడు, చేతిలో ఉన్న కొబ్బరిచిప్పవంక మాత్రం చూడడు. సరిగ్గా ఆ క్షణాన పక్కవాడు జవాబు చెవిలో ఊదాడంటే, పొడిచిన అమ్మమ్మకు కోపం వస్తుంది. ‘నిన్నెవరు అడిగారు?’ అంటుంది. ఆమె కోపంలో గొప్ప న్యాయం ఉన్నది. ఆమె వాని ముందుంచినది జవాబును కాదు, వెదుకులాటను. జవాబు ఆమె వద్ద మొదటినుండీ ఉన్నదే. అదే ఇవ్వదలచుకుంటే పొడుపెందుకు?

విద్య పంచితే పెరుగుతుందని కదా పెద్దలు చెప్పారు, మరి తెలిసినది దాచడం లోభం కాదా అని కొందరు ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. తెలిసీ చెప్పకపోతే తల వేయి వ్రక్కలవుతుందని బేతాళుడు విక్రమార్కుని బెదిరించిన సంగతి మనమందరం చిన్ననాడు చదువుకున్నదే. కాని ఆ కథలో ప్రశ్న ఎవరిని అడిగారో వారే బదులు చెప్పారు. అదీగాక, చెప్పిన ప్రతిసారీ శవం తిరిగి చెట్టెక్కింది! విడుపుకు ఒక వెల ఉంటుందని ఆ కథకునికి బాగా తెలుసు. రోగానికి మందు తెలిసినవాడు దాచితే అది పాపమే. ఏటికి వరద వస్తున్నదని తెలిసీ లంకవారికి చెప్పనివాడు ద్రోహియే. మందు పదిమందికి చెప్పినా మందుగానే ఉంటుంది. పొడుపు అటువంటిది కాదు. ఒక్కసారి జవాబు విన్న చెవి మరల విననిది కాలేదు. ఇవ్వడంతోనే నశించే సొత్తును గూర్చి, ఇస్తే పెరిగే సొత్తుకు చెప్పిన నీతిని వల్లించడం తగదు.

అట్లని సాయమే చేయరాదని కాదు. సాయం చేసే పద్ధతిని మన ఉర్దూ, హిందవీ సంప్రదాయం చక్కగా చూపింది. అమీర్ ఖుస్రో (1253–1325) పేర ప్రచారంలో ఉన్న పహేలీలు రెండు తెరగులు. జవాబు ప్రశ్నలోని మాటలలోనే దాగి ఉండేవి ‘బూఝ్ పహేలీ’లు, అట్లు కానివి ‘బిన్ బూఝ్ పహేలీ’లు. ఇరవైమంది తలలు తీశాడట, చంపనూ లేదట, రక్తమూ చిందలేదట, ఎవరు వాడు? రక్తం చిందలేదనే ఆ ఉర్దూ మాటనే కాస్త కలిపి పలికితే ‘నాఖూన్’, అనగా గోరు, అని వినిపిస్తుంది. గోళ్ళు కత్తిరించుకున్నవాడన్నమాట. ఇక్కడ పొడిచినవాడే తాళపుచెవిని గుమ్మం మీద ఉంచి వెళ్ళాడు. చిక్కుకొన్న మిత్రునికి, ‘ఆ మాట మళ్ళీ పైకి చదువు’ అని చెప్పడం సాయం. ‘గోరు’ అని చెప్పడం దోపిడి. మొదటివాడు మిత్రుని చేయి పట్టుకొని నడిపించాడు. రెండవవాడు మిత్రుని బదులు తానే నడిచి వచ్చాడు.

ఇక అవధానం సంగతి. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు అసంగతంగానో, అసభ్యంగానో ధ్వనించే ఒక పాదాన్ని ఇస్తాడు. మిగిలిన పాదాలతో అవధాని దానికి అర్థం కల్పిస్తాడు. దోమ గొంతులో ఏనుగుల గుంపు దూరిందన్న సమస్యను తెనాలి రామకృష్ణుడు ద్వారపాలకునికి ఒక తీరుగా, రాజు అడిగినప్పుడు వేరొక తీరుగా పూరించాడని ప్రతీతి. ఒక పూరణ బయటపడినంతమాత్రాన సమస్య చావదు. రేపు మరొక కవి వేరొక దారిన దూకవచ్చు. అందుకే పూరణలను అచ్చువేసుకోవడంలో దోషం లేదు. ‘శతావధాన సారము’ చదివి ఎవరి ఆట చెడిపోయింది? ఒకే తాళపుచెవితో తెరుచుకొనే తాళానికి, వంద తాళపుచెవులతో తెరుచుకొనే తాళానికి ఒకే నియమం పెట్టరాదు. జియోకాషింగ్ చిక్కుముడి మొదటి జాతిది.

ఆ గ్రంథకర్తలనే మరొక విషయానికి సాక్షులుగా పిలువవలసి ఉన్నది. పశ్చిమ గోదావరి యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), తూర్పు గోదావరి కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) జంటగా అవధానాలు చేశారు, జంటగా గ్రంథాలు వెలువరించారు. ఏ పద్యం ఎవరిదని అడిగితే ‘తిరుపతి వేంకటకవులది’ అన్నదే జవాబు. తిరుపతిశాస్త్రి మరణించిన తరువాత కూడా వేంకటశాస్త్రి తన రచనలను ఆ జంటపేరుతోనే ప్రకటించారు. ఆలోచనలను ఇంతగా పంచుకొన్నవారు తెలుగుదేశంలో మరి లేరు. వారిని ఎవరైనా తప్పుపట్టారా? లేదు. ఏలయన, సంతకంలో ఇద్దరూ ఉన్నారు. నా దృష్టిలో తగవు తీర్చే సూత్రం ఇక్కడే దొరుకుతున్నది. నలుగురు కూర్చొని ఒక చిక్కుముడి విప్పి, నలుగురి పేర్లూ కలిపి వ్రాస్తే అందులో అన్యాయం లేదు. ఒకడు విప్పగా మరొకడు తానే విప్పినట్లు ఒంటరిగా సంతకం చేయడమే అబద్ధం. జవాబు పంచడం కంటె సంతకం దొంగిలించడం పెద్ద దోషం.

డబ్బు ప్రవేశిస్తే ఈ దోషం మరింత ముదురుతుంది. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ రచించిన మొదటి గళ్ళనుడికట్టు ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వెలువడినది మొదలు ఆ ఆట దేశదేశాలకూ పాకింది. ఢిల్లీ నుండి దశాబ్దాలపాటు వెలువడి ఆగిపోయిన ‘షమా’ ఉర్దూ మాసపత్రిక తన బహుమతుల ‘అదబీ మువమ్మా’తో ఎందరినో ఆకర్షించింది. 1955లో మన పార్లమెంటు బహుమతి పోటీల చట్టం చేసి, నెలకు వేయి రూపాయలకు మించిన బహుమతులను నిషేధించింది. ఆ నిషేధం జూదం వంటి పోటీలకే గాని, గెలుపు ప్రధానంగా నేర్పుమీద ఆధారపడే పోటీలకు వర్తించదని 1957లో సుప్రీంకోర్టు తేల్చింది. నేర్పునే కొలబద్దగా పెట్టిన ఆ తీర్పును చదివినప్పుడల్లా, అరువు తెచ్చుకొన్న జవాబుతో గెలిచినవానిని ఏ వైపు నిలబెట్టాలా అని నాకు సందేహం కలుగుతుంది. మన తెలుగు వారపత్రికలు నుడికట్టు జవాబును తలక్రిందులుగానో, మరుసటి వారంలోనో అచ్చువేసేవి. ఆ వారం రోజుల గడువులో పాఠకునిపట్ల ఎంతో మర్యాద ఉన్నది.

మన కళాశాల ముచ్చట కొంత చెప్పాలి. ప్రతి గురువారం గ్రంథాలయం వెలుపలి నల్లబల్లమీద ఒక పొడుపును, ఒక వారం తెలుగులో, ఒక వారం ఉర్దూలో, వ్రాసే ఏర్పాటు విద్యార్థులెరిగినదే. ఆ మధ్య ఉదయం పది గంటలకు పొడుపు వెలిస్తే, పదిన్నరకల్లా జవాబు అందరి ఫోన్లకూ చేరింది. పెట్టెలో అరవైకి పైగా చీటీలు పడ్డాయి. అన్నింటిలోనూ ఒకే జవాబు, ఒకే అక్షరదోషంతో! పంపినవారెవరో తేలినప్పుడు ఆ విద్యార్థి, ‘రానివాళ్ళకు సాయం చేశాను సార్’ అన్నాడు. అతని మనసు మంచిదే. అయితే ఆ అరవైమందిలో ఎందరు సాయం అడిగారు? ఆలోచించుకొనే గంట సేపు కూడా వారికి మిగల్చలేదు కదా.

మరొక సందర్భం దీనికి పూర్తిగా భిన్నమైనది. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన ఒక విద్యార్థిని, కుండలో గిరగిర తిరిగి తెల్లని ముద్ద తేల్చేదేదో వెంటనే గ్రహించింది. ఇంట్లో వాళ్ళ నానీ రోజూ చేసే పనే. కాని ఆమెకు దాని తెలుగు పేరు రాదు. ‘మథనీ’ని తెలుగులో ఏమంటారని స్నేహితురాలిని అడిగితే, ఆమె ‘కవ్వం’ అని చెప్పింది. ఇది జవాబు పంచడం అవుతుందా? కాదని నా నిశ్చితాభిప్రాయం. ముడి విప్పినది అడిగిన పిల్లే. రెండవ పిల్ల ఇచ్చినది ఒక మాట మాత్రమే. రెండు భాషల నీడలో చదివే మన పిల్లలకు ఇటువంటి సాయాన్ని నిషేధిస్తే, ఆ పోటీ బుద్ధికి కాక పదసంపదకు పెట్టిన పరీక్ష అవుతుంది.

పోటీ నియమాలలో ప్రస్తుతం ‘జవాబు ఎవరికీ చెప్పరాదు’ అన్న ఒకే వాక్యం ఉన్నది. దాని స్థానంలో, బుధవారం సాయంత్రం పెట్టె తెరిచే వరకు జవాబును ఎవరూ బయటపెట్టరాదనీ, అడిగినవారికి ఆనవాలు మాత్రం చెప్పవచ్చుననీ, ఎవరి తోడ్పాటు పొందినా వారి పేరు చీటీలో వ్రాయాలనీ మార్చవలసిందిగా నేను కోరాను. మూడవదానికి కొందరు సహాధ్యాపకులు ఒప్పుకోవడం లేదు. బహుమతి పుస్తకం ఒక్కటే గదా, ఇద్దరికెట్లా ఇస్తామని వారి ప్రశ్న. కవ్వం చీటీమీద రెండు పేర్లున్నాయి: ఒకటి ఉర్దూ లిపిలో, ఒకటి తెలుగులో. ఆ పుస్తకం ఇంకా గ్రంథాలయం బల్ల సొరుగులోనే ఉన్నది.