ఖజానా కళకళ.. కప్పుల అర వెలవెల

ఇంగ్లండ్‌లోని టోటెన్‌హామ్‌ ఫుట్‌బాల్‌ క్లబ్‌ చైర్మన్‌ డేనియల్‌ లెవీ 24 ఏళ్ల అనంతరం 2025 సెప్టెంబరులో వైదొలిగారు. ఆయన హయాం మేలు చేసిందా, కీడు చేసిందా అన్న విషయమై అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోయారు.

62,850 సీట్ల కొత్త స్టేడియం 2019లో ప్రారంభమైందని, ఆ ఏడాదే జట్టు ఛాంపియన్స్‌ లీగ్‌ ఫైనల్‌కు చేరిందని సమర్థకులు గుర్తుచేస్తున్నారు. ఇన్నేళ్లలో దక్కినవి 2008 లీగ్‌ కప్‌, 2025 యూరోపా లీగ్‌ మాత్రమేనని వ్యతిరేకులు ఆక్షేపిస్తున్నారు.

అసలు లోపం ఆటగాళ్ల కొనుగోళ్లకు, కోచ్‌ల మార్పులకు పొంతన లేకపోవడమే. 2013లో గారెత్‌ బేల్‌ను రియల్‌ మాడ్రిడ్‌కు రికార్డు ధరకు విక్రయించి, ఆ వేసవిలోనే ఏడుగురిని కొన్నారు. నాలుగు నెలలు నిండకముందే కోచ్‌ విల్లాస్‌ బోయాస్‌ పదవి పోయింది. 2021లో లీగ్‌ కప్‌ ఫైనల్‌కు ఆరు రోజుల ముందు మౌరిన్హోను తొలగించారు. యూరోపా లీగ్‌ గెలిపించిన పోస్టెకోగ్లూను, ప్రీమియర్‌ లీగ్‌లో జట్టు 17వ స్థానానికి పడిపోవడంతో, 16 రోజులకే సాగనంపారు.

కోచ్‌ మారితే ఆటతీరు మారుతుంది. పాత కోచ్‌ కోసం కొన్న ఆటగాడు కొత్త కోచ్‌కు బరువవుతాడు. బేరంలో మిగిల్చిన సొమ్ము అక్కడే కరిగిపోతుంది. నాట్లు వేసిన మడిని మళ్లీ మళ్లీ దున్నితే పంట చేతికి రాదు.