సలహాకు వెల

నా పూర్వవిద్యార్థి ఒకడు ఉద్యోగం మాని, కర్నూలులో చిన్న వ్యాపారులకు లెక్కల విషయంలోను, పన్నుల విషయంలోను సలహాదారుగా స్థిరపడదలచాడు. బోర్డు పెట్టాడు, కరపత్రాలు పంచాడు. ఆరు మాసాలు ఫీజు ఇచ్చేవాడొక్కడూ గడప తొక్కలేదు. మన సీమ వ్యాపారి బోర్డు చూసి రాడు. తెలిసినవాడు చెబితేనే వస్తాడు.

చివరకు మేనమామ మాటసాయంతో బేతంచెర్లలో (2022 నుండి అది నంద్యాల జిల్లా) నాపరాళ్ళకు పాలిష్ పట్టే చిన్న యజమాని ఒకరు దొరికారు. సరుకు వెళ్ళి నెలలు గడిచినా ఆయనకు డబ్బు రాదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, ఒప్పందం రాసుకున్నా సరే, కొన్నవాడు 45 రోజులు దాటించరాదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ! కాని ఆయన ఉద్యమ్ నమోదే చేసుకోలేదు. మావాడు అది చేయించి, తర్వాతి బిల్లులపై ఆ సంఖ్య వేయించి, గడువు గుర్తుచేస్తూ ఉత్తరాలు రాయించాడు. డబ్బు కదిలింది. ఆయన చెప్పగా పక్క ఫ్యాక్టరీలవారు మరో ఇద్దరు వచ్చారు. అన్నీ తెలుసునని చెప్పుకోవడంకంటె ఒకే వ్యాపారపు కష్టాన్ని లోతుగా ఎరిగి ఉండడం మేలని నా అభిప్రాయం.

ఆ వచ్చినవారిలో ఒకరు "రెండు మాటలకే ఫీజా?" అన్నారట. ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ ఆరు మాసాల్లో "మావాడే, ఊరికే చేసిపెడతాడు" అంటూ ముగ్గురు బంధువులను పంపినది నేనే. పని చేయించుకున్నారు. వారి ద్వారా మరొక్కరూ రాలేదు. మొన్న మా బావమరిది అడిగితే, ఫీజు ఎంతో ముందుగా కనుక్కొని వెళ్ళమన్నాను. ఆయన ముఖం ముడుచుకున్నాడు.