అటకెక్కిన గిటారుకు కొత్త గొంతు

బేస్ గిటార్ నేర్చుకుంటానని పిల్లాడు మారాం చేస్తే చవకలో ఒకటి కొనిపెడతారు. తీగలు నొక్కలేక వేళ్లు నొప్పి, ఆంప్లిఫయర్‌లో ఒకటే హోరు. నెల తిరక్కుండానే గిటారు అటకెక్కుతుంది, సరదా చప్పబడుతుంది!

మరొకటి కొనేముందు ఉన్నదాన్నే సరిచేసి చూడండి. మెడ లోపలి ట్రస్ రాడ్‌ను ఆలెన్ కీతో కొద్దికొద్దిగా, ఒక్కోసారి పావు చుట్టు మించకుండా తిప్పితే వంపు సరవుతుంది. బ్రిడ్జి మరలతో తీగల ఎత్తు తగ్గించుకోవచ్చు. ఈ రెండింటికీ దాదాపు ఖర్చే లేదు. లోపలి గుంతల్లో రాగిరేకు అంటించి ఎర్త్‌కు కలిపితే హోరు తగ్గుతుంది. కావలిలాంటి తీరప్రాంత ఊళ్లలో ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పుపడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవాలి. మందగించిన తీగలను విప్పి, పది నిమిషాలు నీళ్లలో మరిగించి, బాగా ఆరబెడితే కొన్నాళ్లు మళ్లీ ఖంగుమంటాయి. పికప్‌లు మార్చడం ఆఖరి మాట.

వాద్యాన్ని మార్చుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నాలుగు జంట తీగల స్థానంలో అయిదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. ఒంటి తీగను లాగడం తేలిక. కర్ణాటక సంగీతంలోని గమకాలు దానిమీద చక్కగా పలికాయి. ఏ మార్పు ఎందుకో తెలిసి చేస్తే, చవక గిటారైనా మాట వింటుంది!